ఒట్టి చేతులతో కొట్టిన పిక్కలు

2001 జూలైలో నన్ను టెక్కలిలోని ఒక డిగ్రీ కాలేజీకి రసాయన శాస్త్రం సీనియర్ లెక్చరరుగా బదిలీ చేశారు. చేరిన నెలకే ఇంకో బాధ్యత మీద పడింది. హైదరాబాదులోని ఒక పరిశోధనాలయం, మా కాలేజీ కలిసి మూడేళ్ళ ప్రాజెక్టు ఒకటి మొదలుపెట్టాయి. దానికి నేను స్థానిక సమన్వయకర్తను. పేరు ఘనంగానే ఉంది కాని, ఆ హోదాలో ఉన్నవాడు చేసేది నమూనాలు తయారు చేయించడం, కాగితాల మీద సంతకాలు పెట్టడం, పార్సిళ్ళు పంపడం.

విషయం క్లుప్తంగా చెబుతాను. జీవులు తయారు చేసే కొన్ని అణువులకు ఒక గుణం ఉంది. నీళ్ళలో వేసి వేడి చేసి నెమ్మదిగా చల్లారనిస్తే, ఎవరూ పేర్చకుండానే అవి ఒకదాని పక్కన ఒకటి చేరి వరుస కడతాయి. పోగులవుతాయి, ఒక్కోసారి సన్నటి గొట్టాలవుతాయి. జీడిపిక్క తొక్కలోని ఘాటు నూనెలో ఒక ఆమ్లం ఉంది. దానికి చక్కెర అణువును తగిలిస్తే ఇలాగే వరుస కడుతుందా అన్నది మా ప్రశ్న. చక్కెర తగిలించడం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూడడం హైదరాబాదు వంతు. తొక్కల్లోంచి ఆమ్లాన్ని శుద్ధంగా తీసి పంపడం మా వంతు. పలాస, కాశీబుగ్గ పక్కనే ఉండగా తొక్కలకేం కరువు.

నాకు ఆసక్తి ఉన్నది తొక్కల మీద కాదు. ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. మొదటి ఆర్థిక సంవత్సరం చివర సమీక్షా సమావేశం జరుగుతుంది, అందులో మా వైపు నుంచి ఒకరిని ఎంపిక చేసి ఆరు నెలలు హైదరాబాదులో ఆ మైక్రోస్కోపు దగ్గర పని నేర్పిస్తారు. నేను పీహెచ్‌డీ సగంలో వదిలేసి ఉద్యోగంలో చేరినవాణ్ణి. అప్పటికి పదమూడేళ్ళుగా బ్లాక్‌బోర్డు మీద రాసిందే రాస్తున్నాను. ఆ ఆరు నెలలు నావేనని, వేరే ఎవరికీ ఆ ఆలోచన కూడా రాదని అనుకున్నాను.

ప్రాజెక్టు అసిస్టెంటుగా కామేశ్వరి చేరింది. కాశీబుగ్గ పిల్ల. అంతకు ముందు నేను పలాసలో పని చేసినప్పుడు బీఎస్సీలో నా దగ్గరే చదివింది. తల్లి నరసమ్మ జీడి బట్టీల్లో పిక్కలు కొట్టే మనిషి. ఒకే నమూనాను ఇద్దరు విడివిడిగా తయారు చేయాలన్నది ఇలాంటి ప్రాజెక్టుల్లో నియమం. ఒకరి చేతి తప్పు ఇంకొకరి దగ్గర బయటపడుతుందని. అలా ఒక నమూనా నాది, ఒకటి కామేశ్వరిది.

వేడి తగిలితే ఆ ఆమ్లం మారిపోతుంది కనుక, కాల్చకుండా, ఉడకబెట్టకుండా పచ్చి పిక్కలే కొట్టాలి. తొక్కల్ని ద్రావకంలో నానబెట్టి నూనె దింపి, సున్నం కలిపితే ఆమ్లం ముద్దగా అడుక్కు చేరుతుంది. ఆ తర్వాత కడుగుడు, వడపోత. నేను పిక్కల బస్తాను అటెండరు చేత ఒక బట్టీకి పంపి, కొట్టించిన తొక్కలు తెప్పించుకున్నాను. మిగతాదంతా పుస్తకంలో ఉన్నట్టు నా చేతులతో నేనే చేశాను, వంక పెట్టడానికి వీల్లేకుండా.

దసరా సెలవులకు ముందు హైదరాబాదు నుంచి ఫోటోలు వచ్చాయి. నా నమూనా ముద్దలు ముద్దలుగా, ఉడికీ ఉడకని ఉప్మాలా ఉంది. కామేశ్వరి నమూనాలో పొడవాటి పోగులు, మెలి తిరిగి, పక్కపక్కన, చూడగానే చూపు నిలిచిపోయేంత అందంగా ఉన్నాయి. ప్రాజెక్టు ప్రధాన శాస్త్రవేత్త డాక్టర్ శేషగిరి గారు ఫోటో వెనక పెన్సిల్‌తో ‘ఎవరు చేశారు ఇది? అభినందనలు చెప్పండి’ అని రాశారు.

చెప్పలేదు. ఫోటో ఆమె చేతిలో పెట్టి, వెనక్కి తిప్పి చూసుకోవడం ఆమెకే వదిలేశాను. నా ఒళ్ళు మండిపోయింది. మోలారిటీకి, మోలాలిటీకి తేడా ఏమిటో నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చిన పిల్ల. ఆ వారమంతా ఆమె నోట్సులో తప్పులు వెతికాను. దొరకలేదు. చున్నీ కొంగులో చేతులు దాచుకుని నిలబడుతోంది, నమస్కారం కూడా సరిగ్గా పెట్టడం లేదు, అప్పుడే ఇంత పొగరా అని స్టాఫ్ రూములో అన్నాను కూడా. పక్కవాళ్ళు నవ్వితే నాకు కాస్త హాయిగా అనిపించింది.

ఏదో చిట్కా ఉంది, దాస్తోంది అని నమ్మి, ఒక ఆదివారం చెప్పకుండా కాశీబుగ్గలో వాళ్ళింటికి వెళ్ళాను. కామేశ్వరి బజారుకు వెళ్ళింది. నరసమ్మ అరుగు మీద పిక్కలు కొడుతోంది. పక్కన చిప్పలో ఆముదం, ఇంకో చిప్పలో బూడిద. నాలుగు పిక్కలు కొట్టి, వేళ్ళు ఆముదంలో ముంచి, బూడిదలో అద్ది, మళ్ళీ కొడుతోంది. ఎందుకని అడిగాను. నా అజ్ఞానానికి ఆమె జాలి పడింది.

“రాసుకోకుండా కొడితే సేతులుంటాయేటి బాబూ? తొక్క నూనె తోలు వొలిసేత్తాది. పచ్చి పిక్కయితే మరీను. మా పిల్లకి సెప్తే ఇనదు. మీ సదువు కోసం ఒట్టి సేతులతోనే కొడతంది. ఆ ఏళ్ళు సూడండి, అన్నం కలుపుకోనేకపోతంది.”

అప్పటికి కామేశ్వరి వచ్చింది. అడగ్గానే కొంగు తీసి చూపించింది. వేళ్ళు నల్లబడి, చివర్ల చర్మం లేచిపోయి ఉంది. దాచుకున్నది పొగరు వల్ల కాదని అప్పుడు అర్థమైంది. చిట్కా కూడా దాచలేదు, కూర్చోబెట్టి చెప్పింది. ఆముదం, బూడిద చేతి మీద కలిస్తే సబ్బవుతుంది. ఆ సబ్బు తొక్కకు అంటుకుంటుంది. మన సున్నానికి ఆమ్లంతో పాటు అది కూడా దిగుతుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. ఆ కొవ్వు మధ్యలో దూరి పోగుల్ని వరుస కట్టనివ్వదు.

రసాయన శాస్త్రంగా చూస్తే తిరుగులేని మాట. నేను పాఠంగా చెప్పినదే, సబ్బు తయారీ. పిక్కలు కొట్టే చోట ఒక్క పూట కూర్చుని ఉంటే నాకూ తెలిసేది. లెక్చరరు వెళ్ళి బట్టీలో ఆడవాళ్ళ మధ్య కూర్చుంటాడా అనుకున్నాను, అటెండరును పంపాను.

నవంబరులో డాక్టరు గారు కబురు పెట్టారు. ఆమె పద్ధతిలో హైదరాబాదులోనే పెద్ద ఎత్తున చేసి చూస్తారట, యాభై కిలోల తొక్కలు కావాలి. అంత తనొక్కతే కొట్టడం అయ్యే పని కాదు కనుక కామేశ్వరి ఒక కాగితం రాసి నాకిచ్చింది. కొట్టే వాళ్ళకు రబ్బరు గ్లౌజులు ఇవ్వాలి, ఆముదం, బూడిద తగలకూడదు, ఎందుకు తగలకూడదో కింద వివరం. నమూనాతో వెళ్ళే చరిత్ర పత్రానికి జత చేయమంది. ఎవరు, ఎక్కడ, ఎలా తీశారో తెలిపే ఫారాన్ని చరిత్ర పత్రం అంటాం. అది నా సంతకంతోనే వెళ్ళాలి.

ఆ కాగితాన్ని నా టేబులు సొరుగులో పెట్టాను. గ్లౌజులు కొనలేదు. తొక్కలు మామూలుగా కొట్టించి, ఆమె పేరుతో ఉన్న చరిత్ర పత్రం మాత్రం జత చేసి, పలాస స్టేషన్‌లో పార్సిలు బుక్ చేశాను. మరిచిపోయానని ఇన్నేళ్ళూ అనుకోవడానికి ప్రయత్నించాను. మరిచిపోలేదు. ఆ రోజు రసీదు జేబులో పెట్టుకుని బయటికొచ్చి, చాలా రోజుల తర్వాత ఆకలేసి టిఫిను తిన్నాను.

అనుకున్నట్టే హైదరాబాదులో ముద్దలే వచ్చాయి. మార్చిలో సమీక్షా సమావేశం మా కాలేజీ సెమినారు హాల్లో జరిగింది. డాక్టరు గారు మర్యాదగానే అన్నారు, మొదటి ఫలితం మళ్ళీ రావడం లేదు, యాదృచ్ఛికం అనుకోవాలేమో అని. మా లెక్కలో ఒకరికే, ఒకసారే వచ్చిన ఫలితం రానట్టే. కామేశ్వరి లేచి, తొక్కలు ఎలా కొట్టించాలో కాగితం రాసి ఇచ్చానని చెప్పింది. డాక్టరు గారు నా వైపు తిరిగారు. మీకు చేరిందా అని అడిగారు.

“లేదండీ” అన్నాను.

ఆమె నన్ను చూసింది. నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

“ఎక్కడో పోయుంటాది సార్” అని డాక్టరు గారితో చెప్పి కూర్చుంది.

ఆరు నెలల అవకాశం నాకు వచ్చింది.

హైదరాబాదులో నాకు ఒక బల్ల, ఒక తెల్ల కోటు ఇచ్చారు. మైక్రోస్కోపు గదిలో చీకటిగా, చల్లగా ఉండేది. పదమూడేళ్ళు కలగన్న చోటు. రెండు వారాలు ఆపరేటరు పక్కన కూర్చుని నేర్చుకున్నాక, నా నమూనా నేనే పెట్టి చూశాను. ముద్దలు. ఎందుకు ముద్దలో అక్కడున్న వాళ్ళందరిలో నాకొక్కడికే తెలుసు. ఊరుకుంటే ప్రాజెక్టు అక్కడితో ఆగిపోతుంది. చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు.

ఒక మధ్యదారి కనిపెట్టాను. పలాస నుంచి రెండు కిలోల పచ్చి పిక్కలు తెప్పించుకుని హాస్టలు గదిలో ఒట్టి చేతులతో నేనే కొట్టాను. గ్లౌజులు వేసుకోవచ్చు, వేసుకోలేదు. ఆ పిల్ల చేసినట్టే చేసి, ఆ పిల్ల కంటే బాగా తెప్పించాలన్న పంతం. మూడో రోజుకు వేళ్ళు బొబ్బలెక్కాయి, ఆపైన నల్లబడ్డాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. అదే చేతులతో నూనె దింపాను, శుద్ధి చేశాను. పై నెలలో తెర మీద పోగులు కనిపించాయి. పొడవుగా, మెలి తిరిగి, పక్కపక్కనే.

డాక్టరు గారిని పిలిచాను. ఆయన తెర వైపు చూశారు. తర్వాత ఫోకస్ సరి చేస్తున్న నా చేతుల వైపు చూశారు.

“ఇలా కొట్టాలని మీకెవరు చెప్పారు?”

సమావేశంలో ఆ పిల్ల కొంగు కింద దాచుకున్న చేతుల్ని ఆయన గమనించి ఉంటారని నాకు అప్పటిదాకా తోచలేదు. కామేశ్వరి అన్నాను. ఎప్పుడు చెప్పిందని అడిగారు. అక్టోబరులో అన్నాను. ఆయన మనసులో నెలలు లెక్కపెట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. కాగితం సంగతి కూడా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. మిగిలిన కాలానికి ఆమెను పంపించమని ఉత్తరం టైపు చేయించి, నా చేతే సంతకం పెట్టించారు.

టెక్కలి చేరిన మర్నాడు సొరుగు తాళం తీసి, ఆ కాగితం పట్టుకెళ్ళి కామేశ్వరికి ఇచ్చాను.   ఆమె కాగితం విప్పకుండానే మడతను వేలితో నిమిరింది.

“ఇది మీ సొరుగులో ఉందని నాకు తెల్సు సార్. రెండో తాళం నా దగ్గరే ఉంటాది కదా. మీటింగుకి ముందు రిజిస్టర్ కోసం తీత్తే కనపడింది.”

“మరి అప్పుడెందుకు చెప్పలేదు?”

“మీరే సెప్తారనుకున్నాను సార్. మీరు లేదన్నాక, మా సారు అబద్ధం ఆడేరని అందరి ముందూ ఎలా సెప్పను?”

ఆమె హైదరాబాదు వెళ్ళింది. పలాస స్టేషన్‌కి నేను వెళ్ళి ఎక్కించాను. నరసమ్మ నా చేతులు చూసి ఆముదం రాసుకోమంది. రైలు కదిలినప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు. సిగ్గుంది, దాని పక్కనే కుళ్ళు కూడా అలాగే ఉంది. రెండేళ్ళకు పరిశోధనా పత్రం అచ్చయినప్పుడు రచయితల వరుసలో ఆమె పేరు రెండోది, నాది చివరి నుంచి రెండోది. ఆ వరుసను ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పను.

ఉద్యోగంలో మిగిలిన పదకొండేళ్ళూ నా చేతి మీదుగా వెళ్ళిన ప్రతి చరిత్ర పత్రంలో రెండు గడులు అదనంగా గీయించాను. ఒకటి, తొక్క తీసిన మనిషి పేరు. రెండు, తీసేటప్పుడు చేతికి ఏం రాసుకున్నారు. పత్రం మీద సంతకం కూడా సమన్వయకర్తది తీసేసి, ఆ పని చేసిన వాళ్ళదే ఉండాలని రూలు మార్పించాను. నా తర్వాత వచ్చినవాళ్ళు అది జాగ్రత్త కోసం అనుకున్నారు. నాలాంటివాడి చేతిలో కాగితం ఆగకూడదని పెట్టింది.