కూర చేపతో పాటు ఇచ్చిన చీటీ

గొంతులో చేపముల్లు ఇరుక్కుంటే అన్నం ముద్ద మింగుతాం, దిగిపోతుంది. ఇది దిగలేదు. ఇన్నేళ్లుగా గుచ్చుతూనే ఉంది. మీకు చెబుతున్నానని జాలిపడకండి. జాలి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పెదపాడు దగ్గర మా ఊళ్లో అప్పట్లో పార్టీ పెద్దని నేనే. ఆ ఏడు సర్పంచ్ పదవి ఆడవాళ్లకి వచ్చింది. పార్టీ తరఫున తాను నిలబడతానంది సువార్తమ్మ. చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పేది, మీటింగుల్లో నా మాటకి అడ్డం పడేది. నాకు గిట్టేది కాదు. పోటీకి మా ఆవిణ్ణి దింపాను. ఎవరు నిలబడాలో పార్టీ సభ్యులే ఓటేసి తేల్చాలని కొందరు, ఊరంతా తేల్చాలని సువార్తమ్మ. ఆవిడ పేటలో ఎవరికీ సభ్యత్వం లేదు మరి. "సరే, ఎవరైనా వెయ్యొచ్చు" అన్నాను. ఎంత పెద్ద మనసో అని నాకు చప్పట్లు కొట్టారు!

చేపల పట్టుబడి రోజు చూసుకుని, చెరువు గట్టు మీదే ఓటు పెట్టాను. పోటీలో ఉన్నవాళ్లు అటు రాకూడదన్నాను. ఊరివాళ్లు చీటీలు వేసి వెళ్లిపోయారు. వల లాగడానికి గుండుగొలను నుంచి వచ్చిన కూలీలు మిగిలారు. వల లాగిన ప్రతివాడికీ ఇంటికి కూర చేప ఇవ్వడం మా ఆచారం. ఆ రోజు చేపతో పాటు, మా ఆవిడ పేరు రాసిన చీటీ కూడా ఇచ్చి పెట్టెలో వేయించాను. ఎవరైనా అంటే వాళ్లూ ఎవరైనానే కదా? ఛీ. ఇలా నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో.

సాయంత్రం సువార్తమ్మ వచ్చింది.

"మా పేటవాళ్లు కూడా నాకు వెయ్యలేదాండీ?"

"ఏం చెప్పనమ్మా. చీటీలే చెబుతున్నాయి కదా."

గెలవాలనుకున్నాను, గెలిచాను. ఆ మాట ఎందుకన్నట్టు? ఆవిడ ఓడిపోయింది చాలలేదా? చాలలేదు. తలొంచుకుని వెళ్తుంటే చూడాలనిపించింది. చూశాను. హాయిగా కూడా ఉంది.

తర్వాత మా ఆవిడ సర్పంచ్ అయింది, కుర్చీలో నేను కూర్చున్నాను. సువార్తమ్మ పేటలో ఎవరితోనూ మాట్లాడలేదు. పక్కింటి దీనమ్మ, చిన్నప్పుడు ఆవిడతో ఒకే కంచంలో తిన్న మనిషి, నీకే వేశానని మొత్తుకుంది. సువార్తమ్మ నమ్మలేదు. జంగారెడ్డిగూడెం వెళ్లిపోయింది. దీనమ్మ పోయినప్పుడు మట్టి వెయ్యడానికి కూడా రాలేదు.

పార్టీ తరఫున నిలబడే మనిషిని బయటివాళ్లు ఎన్నుకోవచ్చా అని ఇప్పుడు టీవీలో అరుచుకుంటుంటే కట్టేస్తాను. అందరినీ రానివ్వమంది సువార్తమ్మ, తనవాళ్ల మీద నమ్మకంతో. ఆ నమ్మకాన్నే నేను చంపేశాను. క్షమించమని అడగను. ఏ మొహంతో అడుగుతాను?

ఒక్కటి చెప్పాలి. దీనమ్మకి రాయడం రాదు. ఆ పొద్దున్న అందరికంటే ముందు గట్టు మీదకొచ్చి, "మా సువార్త పేరు రాసిపెట్టండి బాబూ" అని చీటీ నా చేతిలోనే పెట్టింది. రాశాను. తర్వాత పేటవాళ్లు వరసగా వచ్చి అదే పేరు రాయించుకున్నారు.

సువార్తమ్మా, మీ పేటవాళ్లంతా నీకే వేశారు.

హమ్మయ్య. అనేశాను.