తువ్వాలు కింది చెయ్యి

దయ్యాల్ని నేను నమ్మను. నమ్మే వీలు కూడా లేదు, దిల్‌సుఖ్‌నగర్‌లో తిరిగే దయ్యాల్లో రెండింటిని పుట్టించింది నేనే మరి. హాస్టల్ మూడో అంతస్తులో తల దువ్వుకునే ఆవిడ నా కల్పనే. ఎల్బీనగర్ బస్సులో టికెట్ తీసుకుని మాయమయ్యే ముసలాయనా నావాడే. నేను చెప్పిన కథల్లో ఒకే ఒక్కటి ఒక మనిషి బతుకును మింగింది. అందులో దయ్యం లేదు.

మాది ఏలూరు వైపు. నాన్న దిల్‌సుఖ్‌నగర్ పక్కనే, కొత్తపేట పండ్ల మార్కెట్లో మామిడి పండ్ల కమీషన్ దుకాణం నడిపేవాడు. అప్పట్లో రేటు పైకి చెప్పేవారు కాదు. తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని బేరమాడేవారు. చెయ్యి విదిలించేస్తే ఆ మాట ఒప్పుకోనట్టు. మా దళారి మల్లయ్యకు కుడిచేతి చిటికెన వేలు లేదు. అయిదు చెప్పాల్సి వస్తే అవతలివాడి మణికట్టు పట్టుకునేవాడు.

ముప్పై అయిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆ మల్లయ్య మా దుకాణం వెనక, ఖాళీ పెట్టెల మధ్య తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కన తూకం రాయి.

అనుమానం పెట్టెలు మోసే హమాలీ యేసోబు మీదికి పోయింది. ముందురోజు ఇద్దరూ కొట్టుకోబోయారు. ఆ మధ్యాహ్నం గంటసేపు యేసోబు ఎక్కడున్నాడో చూసినవాళ్లు లేరు. మూడో సాక్ష్యం నేను. కుళాయి దగ్గర యేసోబు నెత్తురు తువ్వాలు ఉతుకుతుంటే చూశానన్నాను.

నిజంగా చూసింది ఇంతే: ఎవరో అటు తిరిగి కూర్చుని ఏదో ఉతుకుతున్నాడు. పేరు, నెత్తురు టీ కొట్టు దగ్గర నేను కలిపినవి. పంతొమ్మిదేళ్లవాణ్ని. అందరూ గ్లాసులు కింద పెట్టి వింటున్నారు. పోలీసులు అడిగినప్పుడు వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు.

ఇప్పుడు తూచి చూస్తే, మల్లయ్యతో పోట్లాడనివాళ్లే లేరు, మా నాన్నతో సహా. మధ్యాహ్నం పూట హమాలీలు నీడ ఎక్కడుంటే అక్కడ పడుకుంటారు. నా మాట తీసేస్తే ఏమీ మిగలదు. అలాగని, నేను అబద్ధమాడినంత మాత్రాన అతను చంపలేదనీ రుజువు కాదు.

కేసు నిలవలేదు. యేసోబును వదిలేశారు. కానీ అతని వీపు మీదికి మళ్లీ ఎవరూ పెట్టె ఎత్తలేదు.

పోయిన వేసవిలో యేసోబు కూతురు మేరీ మా ఇంటికొచ్చింది. ఎల్బీనగర్‌లో కిరాయికి ఉంటున్నారు. యేసోబును దవాఖానవాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారట.

"అన్నా, మా నాయిన గదొక్కటే అడుగుతుండు. మంది ముంగట నిజం చెప్పుర్రి. నన్ను ఖూనీకోరని పాతిపెట్టొద్దు బిడ్డా అంటుండు."

బాటసింగారం వెళ్లాను. కొత్తపేట మార్కెట్ ఇప్పుడు అక్కడికి మారింది కదా. అప్పటివాళ్లు నలుగురే మిగిలారు. లారీల పక్కన కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. జన్మలో అంత చప్పగా ఏదీ చెప్పలేదు.

సత్తయ్య అనే ముసలి దళారి బోసినోటితో నవ్వాడు. "ఏంది సేటు, గిప్పుడు కొత్త కథనా? పాతదే మంచిగుండె."

"కథ కాదు బాబాయ్, ఒట్టు!"

"నువ్వు ఒట్టు పెట్టని కథ ఏదున్నది?"

అటునుంచి అటే యేసోబు దగ్గరికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. మేరీ గుమ్మంలో నిలబడింది.

"ఒప్పుకున్నరా, చిన్న సేటూ?" అన్నాడు.

అతని కళ్లలోకి చూశాను. "అందరూ ఒప్పుకున్నారు, యేసోబన్నా. నిన్ను చూడ్డానికి వస్తామన్నారు."

అతను మెల్లగా తన తువ్వాలు తీసి, పాత రోజుల్లోలా, మంచం పట్టె మీదున్న నా చేతి మీద కప్పాడు. కింద ఒక చెయ్యి నా చేతిని పట్టుకుంది. గరుకుగా, చల్లగా ఉంది. వేళ్లు లెక్కపెట్టడం మా ఇంటి అలవాటు. నాలుగే ఉన్నాయి. ఆ చెయ్యి నా చేతిని విదిలించి కొట్టింది.

తువ్వాలు లాగేశాను. కింద నా చెయ్యి తప్ప ఏమీ లేదు. యేసోబు రెండు చేతులూ ఛాతీ మీద బైబిలు పట్టుకుని ఉన్నాయి. లెక్కపెట్టాను. పది వేళ్లు.

ఆ రోజు నేను అన్నం తినలేదు, ఎండలో తిరిగాను. అదీ లెక్కలోకి తీసుకోండి. అయినా అది మల్లయ్యే అయితే, తనను చంపినవాడి మంచం దగ్గర కాపు కాశాడా, చంపనివాడి తరఫున వచ్చాడా? లేక నా కొత్త అబద్ధం కోసమే వచ్చాడా?

మూడో రోజు యేసోబు పోయాడు. సమాధుల దగ్గర మట్టి వేసేదాకా మేరీ గేటు వైపే చూస్తూ నిలబడింది. మార్కెట్ నుంచి ఎవరూ రాలేదు. అక్కడే ఆమెకు అంతా చెప్పేశాను, వాళ్లు నవ్వింది, నా అబద్ధం, నాలుగు వేళ్లు.

మేరీ ఏడవలేదు. "మా నాయిన మీద ఇంకో కథనా అన్నా?" అని వెళ్లిపోయింది.

ఆ చెయ్యి ఎవరిదో, ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలీదు. జరిగింది జరిగినట్టు రాశాను. ఒట్టు మాత్రం పెట్టను.