కుంచె దాటేసే కొట్టు

ఆ జైల్లో అతన్ని అందరూ కుంచె అనే పిలిచేవారు. బయట ఉన్నన్నాళ్ళూ షాపులకి బోర్డులు రాసి బతికినవాడు. లోపలికి వచ్చాక కూడా చేతికి రంగు అంటకుండా ఉన్న రోజు తక్కువ. బ్యారక్ నంబర్లు, వంటగది గోడ మీద 'ఇక్కడ ఉమ్మరాదు', సూపరింటెండెంటు గది ముందు ఆయన పేరూ, ఆయనకి బదిలీ అయితే ఆ తర్వాత వచ్చినాయన పేరూ, అన్నీ అతనే రాశాడు. ఆ పలక మీద ఎంతమంది పేర్లు చెరిపి ఎంతమంది పేర్లు ఎక్కించాడో అతనికే లెక్క తెలియదు.

సాయంత్రం నలుగురు చేరితే చాలు, కుంచె తన వీధిని చెప్పేవాడు. ఎలా చెప్పేవాడనుకున్నారు! వీధి మొదట్లో గడియారాలు బాగుచేసే ముసలాయన కొట్టు, నీలం మీద తెల్ల అక్షరాలు. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరు పలకరించినా అలాగే తలెత్తి చూసేవాడు. పిల్లలు హడలిపోయేవారు. ఆ పక్కన చెప్పుల షాపు. అక్షరాలు లావుగా ఉండాలని ఆ ఓనరు ఒకటే పట్టు. తీరా రాస్తే పేరు సగమే పట్టింది, మిగతా సగం పక్కవాడి గోడ మీదికి పాకింది. ఆ తర్వాత టైలరు. కత్తెర బొమ్మ వెయ్యమన్నాడు. కుర్రతనం కదా, బొమ్మలో అప్పటికింకా చెయ్యి తిరగలేదు, కత్తెర కాస్తా కొంగలా వచ్చింది. అప్పట్నుంచి ఆయన కొంగ టైలరే. టైలరు పక్కన బేకరీ. పొద్దున్నే వీధి వీధంతా రొట్టె వాసన. ఎర్ర బోర్డు మీద పసుపు అక్షరాలు, వాటికి నల్ల నీడ. దూరంనుంచి చూస్తే చేత్తో ఊడబెరుక్కోవచ్చనిపించేది. చిట్టచివర సినిమా హాలు.

చెబుతూ చెబుతూ అతని గొంతు మెత్తబడిపోయేది. వింటున్నవాళ్ళు కూడా ఏదో పోగొట్టుకున్నవాళ్ళలా కూర్చునేవారు. ఆ ఊరి మొహం ఎన్నడూ చూడనివాడు సైతం "కొంగ టైలరు ఇంకా ఉన్నాడంటావా?" అని బెంగపడేవాడు.

కుంచె ఇదే వీధిని పెరోల్ కమిటీకి కూడా చెప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. బయటికి వెళ్ళి ఏం చేస్తావని వాళ్ళు అడగడమే తడవు, గడియారాల కొట్టు దగ్గర మొదలుపెట్టి సినిమా హాలు దాకా నడిపించేశాడు. కమిటీ పెద్దాయన కొంగ దగ్గర నవ్వాడు కూడాను. రెండుసార్లూ వద్దన్నారు.

"నవ్వుతూ విన్నారయ్యా! నవ్వుతూనే పంపించేశారు!" అని కుంచె ఎన్నాళ్ళో చెప్పుకున్నాడు. బ్యారక్‌లో సలహాలకి కరువా? ఈసారి కాళ్ళ మీద పడిపొమ్మన్నాడొకడు. ఇంకొకడు గుండెనొప్పి అని చెప్పమన్నాడు. మరొకడు వెక్కి వెక్కి ఎలా ఏడవాలో ఏడ్చి మరీ చూపించాడు. ఇంతకీ ఆ సలహాలిచ్చినవాళ్ళందరూ లోపలే ఉన్నారు, అది వేరే సంగతి.

మూడోసారికి ఉచిత న్యాయ సహాయం కింద ఒక ప్లీడరమ్మ వచ్చింది. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని సంచీ అంతా వెతుక్కునే మనిషి. ఆమెను చూడగానే కుంచెకి ప్రాణం లేచొచ్చింది.

"ఏం చెప్పాలో మీరు చెప్పండమ్మా. అక్షరం పొల్లు పోకుండా బట్టీ పట్టేస్తాను."

"బట్టీ పట్టింది ఇట్టే తెలిసిపోతుందండీ. వాళ్ళు రోజూ వినేది అదే కదా" అందామె. "అసలు రెండుసార్లు ఎందుకు వద్దన్నారో మీకు ఎవరైనా చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. అడగొచ్చని కూడా అతనికి తెలియదు. ఆమె కమిటీ కాగితాలు తెప్పించి చదివి వినిపించింది. మనిషి బాగా మాట్లాడతాడు, చేసిన నేరం గురించి అడిగితే మాట దాటేస్తాడు. అంతే ఉంది అందులో. కుంచె మొహం మాడ్చుకుని, తను మాట దాటెయ్యలేదనీ, తన వీధి వాళ్ళకి నచ్చలేదనీ అన్నాడు. ఆమె వాదించలేదు. వచ్చినప్పుడల్లా ఆ వీధినే చెప్పించుకుని, తల ఊపుతూ వింది.

ఒకరోజు ఆమె పనిగట్టుకుని ఆ వీధికే వెళ్ళింది. బయటికొస్తే అతనికి ఉండటానికి గదీ, చేతికి పనీ ఉన్నాయని కమిటీకి చూపించాలి. ఉత్తమాట చెబితే వాళ్ళు విచారణకి మనిషిని పంపుతారు, అప్పుడు మొదటికే మోసం. ఆమె తిరిగొచ్చేసరికి కుంచె ములాఖత్ గదిలో నిలబడే ఉన్నాడు.

"ఎలా ఉందమ్మా?"

"గడియారాలాయన పోయారట. చెప్పుల షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మీ బోర్డులేవీ లేవండీ, అన్నీ ఫ్లెక్సులే." అతని మొహం చూసి ఆమె గబగబా అంది, "టైలరు కొట్టు మాత్రం ఉంది, ఇప్పుడు ఆయన కొడుకు కుడుతున్నాడు. కొంగ పోయింది గానీ పేరు పోలేదు. అడ్రసు అడిగితే, కొంగ టైలరా, అదిగో అని చూపించారు."

కుంచె నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. పాపం, ఇన్నేళ్ళూ ఆ వీధి తనకోసం ఆగి ఉందనుకున్నాడు మరి.

"ఒక్కటి అడుగుతాను" అంది ప్లీడరమ్మ. "టైలరు పక్కన బేకరీ అన్నారు కదా. కాదండీ. మధ్యలో మందుల షాపు ఉంది."

"అది కొత్తగా వచ్చిందేమోనమ్మా."

"ఆ షాపువాళ్ళ నాన్నగారి కాలంనుంచీ ఉందట. ముందు రాతి మెట్లు కూడా ఉన్నాయి."

 కుంచె లాకప్ టైమైందని లేచాడు. కాలేదు. అయినా వెళ్ళిపోయాడు.

ఆ మందుల షాపు సంగతి ఇది. కుంచె భార్యకి ఒక తమ్ముడు ఉండేవాడు. చదువు అబ్బకపోతే బావ దగ్గర పనిలో పెట్టారు. సుద్ద రాసిన దారం బిగించి లాగి గీత కొట్టడం దగ్గర్నుంచి, రంగులో టర్పెంటైన్ ఎంత కలపాలో దాకా కుంచే నేర్పాడు, ముద్దుగా నేర్పాడు. కుర్రాడి చెయ్యి బావ చెయ్యిని మించిపోయింది. అంతవరకూ బావే నలుగురికీ చూపించి మురిసిపోయాడు. ఆ తర్వాత షాపులవాళ్ళు "ఈసారి చిన్నాయన చేత రాయించండి" అనడం మొదలుపెట్టారు. మందుల షాపాయన మొహం మీదే అన్నాడు. దాంతో ఆ రోజు కుర్రాడు పైనా, పని నేర్పిన బావ కింద నిచ్చెన పట్టుకునీ. కుర్రాడు పైనుంచి ఏదో అన్నాడు. కుంచె నిచ్చెనని ఒక్క గుంజు గుంజాడు. కింద రాతి మెట్లు.

నిచ్చెన జారిందని పోలీసులకి చెప్పాడు, కోర్టుకి చెప్పాడు. ఎదురు కొట్టువాళ్ళు చూశారు కాబట్టి శిక్ష పడింది. అయినా అతని నోట ఆ నిచ్చెన జారుతూనే ఉంది. చివరికి ఆ కొట్టునే వీధిలోంచి పీకేసి, టైలరుని తీసుకెళ్ళి బేకరీకి ఆనించేశాడు.

మళ్ళీ వచ్చేటప్పుడు అతను కలుస్తాడో కలవడోనని ప్లీడరమ్మకి అనుమానంగానే ఉంది. అతను వచ్చాడు, కూర్చోకుండానే "లాగానమ్మా. జారలేదు, నేనే లాగాను" అన్నాడు.

ఆమె ఓదార్చలేదు. కూర్చోమంది. ఆ రోజునుంచీ కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని కమిటీ పెద్దాయనలా కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. కుర్రాణ్ణి చూసి కుళ్ళుకున్నావా, తాగి ఉన్నావా, మళ్ళీ ఎవరైనా నీకంటే బాగా రాస్తే ఏం చేస్తావ్? కుంచెకి ముచ్చెమటలు పట్టేవి. "అవునండి" అని ఊరుకుంటే ఒప్పుకునేది కాదు.

"అవునండితో సరిపెట్టకండి. ఏం జరిగిందో చెప్పండి. ఆ అబ్బాయి పైనుంచి ఏమన్నాడు?"

"గుర్తు లేదమ్మా."

ఆ ఒక్కదాని దగ్గర మాత్రం ఆమె గుచ్చి గుచ్చి అడగలేదు.

ఇంకో పని మిగిలింది. చనిపోయినవాళ్ళ కుటుంబం మాట కూడా కమిటీ వింటుంది. ఆ కుటుంబమంటే ఇక్కడ కుంచె భార్యే. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా జైలు గడప తొక్కలేదు. ప్లీడరమ్మ వెళ్ళి తలుపు తట్టింది.

"ఇలా చెప్పండి, అలా చెప్పండి అని అడగడానికి రాలేదమ్మా. తేదీ చెప్పి వెళ్దామని వచ్చాను. రావడం, మానడం మీ ఇష్టం."

ఆవిడ టీ ఇచ్చింది. గ్లాసు తీసుకెళ్తూ అడిగింది. "ఇంకా ఆ వీధి గురించి చెబుతారా ఆయన?"

"చెబుతారమ్మా."

"అందులో మా తమ్ముడు ఉంటాడా?"

 లేడనే చెప్పింది ప్లీడరమ్మ.

కమిటీ రోజున కుంచె గదిలోకి అడుగుపెట్టగానే గోడ పక్క కుర్చీలో భార్య కనిపించింది. జుట్టు సగం నెరిసింది.  ప్లీడరమ్మ పక్కన కూర్చుని మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకి జరిపింది. లారీ షెడ్డు పైన గది ఉందనీ, బళ్ళ మీద నంబర్లూ పేర్లూ రాసే పని ఇస్తారనీ షెడ్డు ఓనరు ఇచ్చిన కాగితం చూపించింది. పెద్దాయన అది పక్కన పెట్టాడు.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్పు."

"వీధి మొదట్లో గడియారాల కొట్టండి" అన్నాడు కుంచె.

ప్లీడరమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ మొదలెట్టాడురా దేవుడా! పెద్దాయన చేతి గడియారం చూసుకున్నాడు. చెప్పుల షాపు అయింది. టైలరు అయ్యాడు. 

"టైలరు పక్కన మందుల షాపండి. ఆ బోర్డు నేను రాయలేదు. మా బావమరిది రాస్తున్నాడు, నాకంటే బాగా. నేను నిచ్చెన పట్టుకున్నాను. కడుపుమంటతో లాగేశాను. అది జారలేదండి. ఇన్నాళ్ళూ జారిందని చెప్పింది అబద్ధం."

 పెద్దాయన గోడవైపు తిరిగి, మీరేమైనా చెబుతారా అమ్మా అని అడిగాడు. ఆవిడ భర్తవైపు చూడలేదు. పెద్దాయనతోనే అంది.

"మా తమ్ముడు ఆఖరికి ఏమన్నాడో చెప్పమనండి."

కుంచె రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. అతను మరిచిపోయింది ఎప్పుడు గనక!

"'బావా, గట్టిగా పట్టుకో. ఈ పనైనా సరిగ్గా చెయ్యి!' అని నవ్వాడండి. దారిన పోయేవాళ్ళు కూడా నవ్వారు. మేం రోజూ అలాగే ఒకర్నొకరు ఆటపట్టించుకునేవాళ్ళం. నన్ను నమ్మే ఎక్కాడు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఎవరికీ తెలియలేదు. "వాడే. వాడు అలాగే అంటాడు" అంది.  "బయటికి పంపడానికి నాకు అభ్యంతరం లేదండి. మా ఇంటికి మాత్రం రమ్మనను."

కుంచెకి పెరోల్ వచ్చింది. బ్యారక్‌లో వాళ్ళు, ఏడ్చే ఉంటాడు, అందుకే ఇచ్చారని తీర్మానించారు. అతను కాదని చెప్పలేదు. షెడ్డు మీద గదిలో దిగి, లారీల వెనక పేర్లు రాసుకుంటూ కుదురుకున్నాడు. ఆ వీధికి మాత్రం వెళ్ళలేదు.

కొన్ని నెలలు పోయాక, ఒక ఆదివారం మధ్యాహ్నం భార్య వచ్చింది. పైకి రాలేదు. షెడ్డులో రంగు డబ్బాల పక్కన ఉన్న స్టూలు తనే లాక్కుని కూర్చుంది. తమ్ముడి మాటలు, వాడి ఆగడాలు తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు ఆవిడకి? కుంచె చేతిలోని బ్రష్షు కడుక్కోవడం కూడా మరిచి నిలబడిపోయాడు.

"ఆ వీధి సంగతి చెప్పండి" అంది ఆవిడ. "మొదట్నుంచీ చెప్పండి. మందుల షాపు దగ్గర ఎక్కువసేపు ఆగండి."