అన్నయ్య ఆల్బమ్‌లో నాన్న గొంతు

ఇవాళ పామర్రులో బస్సు కోసం నిలబడి, ఫోన్లో అన్నయ్య పాత ఆల్బమ్ పెట్టాను. విదేశీ క్రైస్తవ మెటల్ బ్యాండ్‌ది. అప్పట్లో తెగ అమ్ముడుపోయిందట.

క్యాసెట్టు పైకన్నాల్లో కాగితం కుక్కి, పాటల మీదే మళ్ళీ రికార్డు చేసేవాళ్ళం, గుర్తుందా? బందరులో మా నాన్న అన్నయ్య ఆల్బమ్ క్యాసెట్టు మీద అలాగే కుటుంబ ప్రార్థన రికార్డు చేశారు. అన్నయ్య అన్నం మానేశాడు.

“అదీ దేవుడి పాటే కదా నాన్నా!”

“ఇదీ ఆయనతో మాటే కదరా, ఊరుకో” అన్నారు నాన్న.

అప్పట్నుంచీ మూడో పాటలో గిటార్ హోరు ఠక్కున ఆగి, “పరలోకపు తండ్రీ...” అని నాన్న గొంతు వినబడేది. మేం వింటూనే తలలు వంచేవాళ్ళం. నాన్న పోయాక ఆ టేపూ బూజుపట్టిపోయింది.

ఇవాళ మూడో పాట సరిగ్గా అక్కడికి రాగానే కళ్ళు మూసుకుని తల వంచాను.

పాట ఆగలేదు.