పదీ పదిహేడు విమానం

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఢిల్లీ ద్వారకాలో మేముండే అపార్ట్‌మెంటు మీదుగా రెండు మూడు నిమిషాలకొక విమానం దిగుతుంది. ఆ మోతకి ఎంత మొండి దయ్యమైనా మూడో రోజుకి మూటాముల్లె సర్దుకుని ఊరికి ఆ చివరనున్న వైశాలి వైపు మకాం మార్చేస్తుంది. కాబట్టి ఇది దయ్యం కథ కాదు. మరేమిటో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అది నాకు అలవాటు లేని పని అంటుంది మా ఆవిడ సుజాత. నిజమే. విమానం ఎంత కిందికి వస్తుందని ఎవరైనా అడిగితే, కిటికీ పక్కన కూర్చున్నవాడి ఉప్మాలో జీడిపప్పులు లెక్కపెట్టానని చెబుతాను. సొసైటీ తరఫున విమానాశ్రయానికి ఫిర్యాదులు రాసే పని నాకు అప్పగించినప్పుడూ అదే ధోరణి. మోతకి క్యాలెండరులో అంకెలు రాలి పడుతున్నాయనీ, పాలు తోడుకోవడానికి జంకుతున్నాయనీ, నాలుగో అంతస్తులో ఒకాయన పెట్టుడు పళ్ళు గ్లాసులో ఉండగానే టకటకలాడుతున్నాయనీ రాశాను. ఆరు ఉత్తరాలు. ఒక్కదానికీ జవాబు లేదు.

దానివల్ల నిజంగా నష్టపోయింది మా ఎదురింటివాళ్ళు. విశ్వనాథం మాస్టారు ఢిల్లీలోనే ఒక బళ్ళో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పడిపోయాయి. మాట ఇప్పుడిప్పుడే ఒక్కో ముక్కగా వస్తోంది. ‘నీళ్ళు.’ ‘చాలు.’ అంతే. రోజూ పొద్దున పది నుంచి పన్నెండు దాకా కూర్చోబెట్టి, మొదలుపెట్టిన వాక్యాన్ని చివరిదాకా చెప్పించమంది డాక్టరమ్మ. మాస్టారు మొదటి మాట పలికి రెండో మాట వెతుక్కునేలోగా నెత్తిమీద విమానం. అది వెళ్ళేసరికి మొదటిది కూడా పోయేది.

ఆయన భార్య కామేశ్వరిగారు, కాకినాడ మనిషి, ఒకరోజు మెట్ల మీద నన్ను నిలబెట్టేశారు.

“తమ్ముడుగారూ, విమానాలు ఆపెయ్యమనటం లేదండి. ఆ రెండు గంటలూ ఇంకో రన్‌వే మీద దింపుకోమనండి. డాక్టరమ్మ ఏమందో తెలుసా? ఈ ఏడాదిలో వచ్చిన మాటే మాటట. మీరు పెరుగూ పళ్ళూ మానేసి ఇది రాయండి బాబూ.”

ఏడో ఉత్తరం బుద్ధిగా రాశాను. ఈసారి జవాబు బదులు మనిషే వచ్చింది.

నేహా అనే ఇంజనీరు అమ్మాయి. మా డాబా మీద మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, దాని నెత్తిన నల్ల స్పాంజి బంతి తొడిగిన మైకు పెట్టింది. కింద తాళం వేసిన పెట్టె. చప్పుడు ఎంతుందో ఆ పెట్టె సెకనుకోసారి నమోదు చేస్తుంది. పది రోజులు అది ఉంటుంది. ఆ పది రోజులూ పది నుంచి పన్నెండు దాకా వెళ్ళిన ప్రతి విమానాన్నీ మాలో ఒకరు చేత్తో ఒక పుస్తకంలో రాయాలి, టైముతో సహా. రెండూ సరిపోలితేనే ఫిర్యాదు కమిటీ ముందుకి వెళుతుంది.

“అంకల్ జీ, మీ పాత ఉత్తరాలన్నీ చదివాను,” అంది హిందీలో, నవ్వు ఆపుకుంటూ. “ఈసారి ఏక్ భీ ఎక్‌స్ట్రా నహీ. ఒక్కటి ఎక్కువున్నా మా వాళ్ళు మొత్తం పక్కన పడేస్తారు.”

పుస్తకం నేనే రాయాలి, సంతకం నాదే. కానీ నా ఆఫీసు సాకేత్‌లో. తొమ్మిదిన్నరకల్లా బయలుదేరాలి. అందుకని ఒక తప్పు చేశాను, ఒప్పుకుంటున్నాను. పుస్తకం తీసుకెళ్ళి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన ఎలాగూ బాల్కనీలో కూర్చునే ఉంటారు. ఎదురుగా గోడ గడియారం. ఎడమచేత్తో అంకెలు రాయడం ఆయనకీ వ్యాయామమేనని కామేశ్వరిగారు సంతోషించారు. పైగా లెక్కల మాస్టారు. నేను రాస్తే రెండు గంటల్లో నాలుగొందల విమానాలు దిగేవి.

ఇక్కడ మా కాలనీ అలవాటొకటి చెప్పాలి. విమానం వచ్చినప్పుడు మేం మాట ఆపేస్తాం. వాక్యం మధ్యలో, ఒక్కోసారి మాట మధ్యలోనే. వేలు పైకెత్తి అలాగే నిలబడి, మోత తగ్గాక ఆగిన అక్షరం దగ్గర్నుంచి అందుకుంటాం. కూరలబండి భయ్యా ‘టమా’ దగ్గర ఆగి ‘టర్’ తర్వాత అంటాడు. గృహప్రవేశం హోమంలో పంతులుగారు స్వాహా సగంలో ఆపి, నెయ్యి గరిటె గాల్లో పట్టుకుని ఉంటారు. తెనాలి నుంచి వచ్చిన మా బావమరిది ఇదంతా చూసి, ఈ ఇంట్లో అందరికీ ఒకేసారి మూర్ఛ వస్తోందని మా అత్తగారికి ఫోను చేశాడు. రోజుకి కొన్ని వందలసార్లు ఆగేవాళ్ళకి అందులో ఒకటి ఎక్కువైతే ఎలా తెలుస్తుంది?

పదో రోజున నేహా వచ్చి మా భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. గీతల పటం ఒకవైపు, మాస్టారి పుస్తకం ఒకవైపు. అన్నీ సరిపోయాయి. గర్వంతో నా ఛాతీ గుమ్మం పట్టనంత అయింది.

“అంకల్, పదీ పదిహేడుకి యే క్యా హై?”

పదో రోజు పేజీలో పదీ పదిహేడుకి ఒక విమానం ఉంది. తొమ్మిదో రోజూ ఉంది. పది రోజులూ ఉంది, అదే నిమిషానికి. విమానాశ్రయం లెక్కలో ఆ సమయానికి ఏ విమానమూ లేదు. పటంలో విమానం వచ్చిన ప్రతిచోటా గీత కొండలా లేచింది. పదీ పదిహేడు దగ్గర మాత్రం బావిలోకి దిగినట్టు కిందికి పడిపోయింది. పది రోజుల్లో పది బావులు. అంత నిశ్శబ్దం ద్వారకాలోనే కాదు, ఎక్కడా చూడలేదంది ఆ అమ్మాయి.

తర్వాత నా మొహంలోకి చూసింది. మైకు మీద రోజూ ఎవరైనా దిండు నొక్కుతున్నారా అని అడిగింది. ఆ ‘ఎవరైనా’ ఎవరో ఆమె చూపులోనే తెలిసింది. నా అనుమానం ఆమె పెట్టె మీద. వాళ్ళే ఏదో చప్పుడు లేని విమానం మా మీద ప్రయోగిస్తున్నారేమోనని కూడా అనిపించింది. శుక్రవారం లోపు ఆ పదింటికీ కారణం చెప్పాలి, లేదా కొట్టేసి సంతకం పెట్టాలి. మధ్యలో మూడు రోజులున్నాయి.

మర్నాడు సెలవు పెట్టాను. మాస్టారి పక్కన కుర్చీ వేసుకుని, గోడ గడియారం మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నాను. పదీ పదిహేడయింది. సెకన్ల ముల్లు ఒకటి అంకె మీద ఉంది. వెంటనే ఎనిమిది దాటి ఉంది.

నడవడం చూడలేదు. ఒకటి మీద ఉంది, ఎనిమిది దాటింది. పక్కకి చూస్తే మాస్టారు పుస్తకంలో ‘10.17’ రాసి పెన్సిలు పెడుతున్నారు.

“మాస్టారూ, విమానం వచ్చిందా?”

తల ఊపారు. ఇంత పెద్దది కనపడలేదా అన్నట్టు నా వంక చూశారు, క్లాసులో వెనక బెంచీవాణ్ణి చూసినట్టు.

గడియారం మీద అనుమానంతో బ్యాటరీ మార్చాను. పూర్వం ఇక్కడేమైనా విమానం కూలిందా అని పాతవాళ్ళని అడిగాను. అలాంటిదేమీ లేదు. మాస్టారికి పక్షవాతం వచ్చిన నిమిషం అదేనేమోనని కూడా ఆలోచన పోయింది. కాదు. సాయంత్రం నాలుగింటికి వచ్చిందట, టీ తాగుతుండగా.

రెండో రోజు నా ఫోను పూలకుండీకి ఆనించి వీడియో పెట్టాను. బాల్కనీ అంతా అందులో పడుతుంది. మాస్టారు, పక్కన బెండకాయలు తరుగుతున్న కామేశ్వరిగారు, వెనక వంటింటి పొయ్యి మీద కుక్కరు. ఏం జరిగినా నోరు ఆపకూడదని పదీ పదహారుకే పదిహేడో ఎక్కం అందుకున్నాను. గట్టిగా, ఎక్కడా తడబడకుండా ఇరవై దాకా చెప్పాను. పదిహేడు ఆర్లు నూట రెండు కూడా గడగడా చెప్పాను. ఆగలేదు. ఈ రోజుకీ నాకు గుర్తున్నంత వరకు ఆగలేదు.

ఇంటికొచ్చి వీడియో చూశాను.

‘పదిహేడు ఆర్లు నూట’ అన్నాను. అక్కడ ఆగాను. వేలు పైకెత్తి, తల కొంచెం పక్కకి వంచి నిలబడిపోయాను. కామేశ్వరిగారి చాకు బెండకాయ మీద గాల్లో ఆగింది. కింద వీధిలో కూరలవాడి కేక ఆగింది. అది సరే, మనుషులం, అలవాటు. కానీ కుక్కరు మీద వెయిటు లేచి ఆవిరి చిమ్ముతోంది, విజిల్ వినపడలేదు. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది, దాని గరగర లేదు. మాస్టారు ఒక్కరే కదులుతున్నారు. ఆకాశంలో దేన్నో చూస్తూ ఆయన తల నెమ్మదిగా ఒక చివర నుంచి ఇంకో చివరకి తిరిగింది. తర్వాత భార్య వైపు తిరిగి మాట్లాడారు.

“కామూ, ఆ కిటికీ తలుపు పూర్తిగా తియ్యి. ఇప్పుడు ఏ గొడవా లేదు. కాసేపు మాట్లాడుకుందాం.”

ఒక్క తడబాటు లేదు. బళ్ళో చెప్పిన గొంతు. కామేశ్వరిగారు జవాబివ్వలేదు. చాకు అలాగే ఉంది. ఆయన కాసేపు ఎదురుచూసి, పెన్సిలు తీసుకుని ‘10.17’ రాశారు. నేను ‘రెండు’ అన్నాను. కుక్కరు కూసింది.

ముప్ఫై ఎనిమిది సెకన్లు. ఇది పెంచి చెప్పిన అంకె కాదు, ఫోనులో ఉంది.

మూడో రోజు సుజాత ఫోనుతో తీశాను, నా ఫోను మీద కూడా అనుమానంతో. అదే ముప్ఫై ఎనిమిది. మాటలు మాత్రం వేరు. “రోజూ అడుగుతున్నాను, పలకవేం?” అన్నారు మాస్టారు.

రెండు వీడియోలూ కామేశ్వరిగారికి చూపించాను. ఇందులో ఆవిడ చెయ్యేమైనా ఉందా అని మొహం కూడా కనిపెట్టి చూశాను, సిగ్గుపడుతున్నాను. మూడుసార్లు చూశారు. బెండకాయల గిన్నె ఒళ్ళో అలాగే ఉంది.

“రోజూ మాట్లాడుతున్నారా అయితే? నేను పక్కనే ఉన్నానా?”

పక్కనే ఉన్నారన్నాను.

నాకు మాత్రం లోపల కోతి గంతులేస్తోంది. ఈ వీడియో బయటపెడితే టీవీల వాళ్ళు మా మెట్ల మీద కాపరం పెడతారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా దగ్గర నిజమైన వింత ఉంది, పిసరంత కూడా కలపక్కర్లేదు. ఆ మాటే అన్నాను. ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుని బోర్లా పెట్టారు.

“ఎవరు నమ్ముతారు తమ్ముడుగారూ? ఇదీ మీ పెరుగు లాంటిదే అంటారు. కొట్టెయ్యండి ఆ పదీ. మాకు రెండు గంటలు కావాలి. ముప్ఫై సెకన్లతో కాపరం చెయ్యలేను కదండీ.”

శుక్రవారం పొద్దున్నే మాస్టారి ఎదుటే పుస్తకం తెరిచాను. మొదటి రోజు పదీ పదిహేడు మీద గీత గీశాను. రెండోది గీస్తుంటే ఆయన ఎడమచెయ్యి నా మణికట్టు పట్టుకుంది. ఎంత బలమో. ఆయన పెదవులు చాలాసేపు కష్టపడ్డాయి.

“త... తప్పు.”

జీవితంలో నేను గోరంతకి కొండంత కలిపిన ప్రతిసారీ నలుగురూ నవ్వారే గానీ ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. ఇప్పుడు ఉన్నదాన్ని తీసేస్తుంటే పట్టుకున్నారు. కామేశ్వరిగారు వచ్చి నెమ్మదిగా ఆ వేళ్ళు విడదీశారు. మిగిలిన తొమ్మిదీ కొట్టేసి సంతకం పెట్టాను. నేహా అన్నీ సరిచూసుకుని, “వెరీ గుడ్ అంకల్” అంది. పటంలో ఆ బావుల గురించి ఇంక ఎవరూ అడగలేదు. మోత ఎక్కువైతే పట్టించుకుంటారు గానీ తక్కువైతే ఎవరిక్కావాలి?

కమిటీ ఒప్పుకుంది. పరీక్షగా కొన్ని నెలలపాటు పది నుంచి పన్నెండు దాకా విమానాలని రెండో రన్‌వే మీదకి పంపుతున్నారు. ఆ రెండు గంటలూ మా వీధిలో పావురాల రెక్కలు కూడా వినిపిస్తున్నాయి. మాస్టారు ఇప్పుడు మూడు మాటలు వరసగా అంటున్నారు. “చాయ్‌లో పంచదార తక్కువ” అని పూర్తిగా అన్నరోజు కామేశ్వరిగారు అపార్ట్‌మెంటంతా లడ్డూలు పంచారు.

విమానాలు లేవు కాబట్టి ఆ రెండు గంటలూ మేమెవరం ఆగక్కర్లేదు. అయినా పదీ పదిహేడుకి ఆగుతున్నాం. ఆగినట్టు నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఫోను పెడితే తెలుస్తుంది. ఆ నిమిషం ఎందుకు, ఆయన ఒక్కరే ఎందుకు, ఆయన ఆకాశంలో చూసేదేమిటి? నా అనుమానాలు వేటికీ జవాబు దొరకలేదు. నేనిక వీడియో తియ్యడం మానేశాను. కామేశ్వరిగారు మాత్రం రోజూ పదింబావుకి తన ఫోనులో రికార్డింగు పెట్టి, ఆయన మాట్లాడింది సాయంత్రం ఒంటరిగా వింటారు. ఏమంటున్నారని ఒకసారి అడిగాను. “మా ఇంటి మాటలు మీకెందుకండీ, ఊరంతా ఊదేస్తారు,” అని నవ్వేశారు.

మొన్న సెలవు రోజున పొద్దున పాలప్యాకెట్ ఇవ్వడానికి వెళ్ళాను. పది దాటి పది నిమిషాలైంది. మాస్టారు బాల్కనీలో కూర్చున్నారు. ఎదురుగా స్టూలు మీద, గాలికి ఎగిరిపోకుండా పెన్సిలు బరువు పెట్టి, రూళ్ళ కాగితం ఒకటి ఉంది. కామేశ్వరిగారి రాత. ముందురోజు ఆయన అన్నదానికి జవాబన్నమాట. చదవకూడదనే అనుకున్నాను.

‘కిటికీ పూర్తిగా తీశాను. మీ పక్కనే ఉన్నాను. చెప్పండి, సాయంత్రం వింటాను.’