మర గోడ మీది పెట్టె

పక్కింటి పిండి మర అక్క పోయిందని మా ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను నెల్లూరులో ఆఫీసులో ఉన్నాను. ఇందుకూరుపేట చేరేసరికి మర ముందు అరుగు నిండా జనం. రోజూ ఆపే చోటే నా కరెంటు కారు ఆపి, అలవాటు కొద్దీ ఛార్జరు తీగ చేతిలోకి తీసుకున్నాను. సిగ్గేసి వదిలేశాను.

ఆ ఛార్జరు పెట్టె ఉన్నది అక్క మర గోడకే. మా ఇంటి లైను చాలదని కరెంటు పనివాడు తేల్చేస్తే, ఆమే తన గోడ చూపించింది.

"ఈడ బిగించుకో అబ్బయ్యా, గోడేమన్నా అరిగిపోతుందా?"

కాలిన కరెంటుకు డబ్బిచ్చేవాణ్ని. దాంతో నా మర్యాద సరిపోయిందనుకునేవాణ్ని.

అక్క కనుబొమ్మల మీద పిండితో, కొంగు నడుముకు దోపుకుని, పొద్దున్నుంచీ నిలబడే ఉండేది. బియ్యం, రాగులు ముందు, మిరపకాయలు సాయంత్రమే. ఎవరు తొందరపెట్టినా, "కారం ఆడినాక బిడ్డకు పెట్టే రాగులు పోస్తే ఆ బిడ్డ ఏడవదా?" అనేది. మా పాపకు రాగిపిండి తనే జల్లించి పంపేది. ఆ డబ్బాలు తిరిగివ్వడం మాకు గుర్తుండేది కాదు.

కారు వచ్చిన తర్వాత సాయంత్రాలు మర చప్పుడు తగ్గింది. అడిగితే, "మోకాళ్లు పీకతుండాయి" అంది. నేను ఏదో నొప్పుల నూనె పేరు చెప్పి నా దారిన పోయాను.

ఒకరోజు సాయంత్రం కారుకు తీగ తగిలిస్తుంటే అక్క వచ్చి నిలబడింది.

"ఎంత కరెంటు లాగాలో దానికెట్ట తెలుస్తుంది?"

నాకు హుషారొచ్చింది. పెట్టె నుంచి కారుకు ఒక సన్న తీగ పోతుందని, అందులో పెట్టె సెకనుకు వెయ్యిసార్లు ఆగి ఆగి సంకేతం పంపుతుందని చెప్పాను. ఒక్కో సంకేతం ఎంతసేపు నిలిచిందో చూసి, ఎంత వరకు తీసుకోవచ్చో కారు తెలుసుకుంటుంది, అంతకు మించి లాగదు అన్నాను.

"బుద్ధిగలదే. మరి ఆ పెట్టెకు ఎవురు చెప్పాల?"

"మనమే అక్కా. ఫోన్‌లో తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు."

"అట్నా" అని మర వైపు ఒకసారి చూసి లోపలికెళ్లింది. బిగించిన రోజున పెట్టిన పెద్ద అంకెను అట్లాగే ఉంచి, నేను ఇంటికెళ్లి కాఫీ తాగాను.

ఇప్పుడు ఆమె పోయిన రోజున, అరుగు మీద కూర్చున్న ఒకామె నన్ను చూసి మెల్లగా అంది: "నీ కారు తగిలిస్తే మర మోటారు లాగదంట గదయ్యా. సాయంత్రం ఆపేసేది. కారం పట్టించుకునేదానికి మేమంతా వేరే మరకు పోతున్నాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నొచ్చుకుంటాడులే అనింది."

కానీ అక్క చెప్పింది, ఎంత కరెంటు లాగాలో దానికెట్ట తెలుస్తుందని అడిగిన రోజునే. అంత మెత్తగా అడిగితే చాలనుకుంది, నన్ను అంతటి మనిషిగా లెక్కేసుకుంది. అన్నీ వివరించి చెప్పి, అడిగిందేమిటో మాత్రం వినని నా ముఖాన్ని ఆ రోజు లోపల తల్లి పక్కన కూర్చున్న ఆమె కూతురికి చూపించలేకపోయాను.

మర్నాడు కారు తగిలించక తప్పలేదు. ఫోన్ తీసి కరెంటును అన్నిటికంటే చిన్న అంకెకు దించాను. మర ఆడటానికి కావలసినంత లైను మిగిలింది. కిటికీలోంచి చూస్తే లోపల మర పక్కన, ఎవరిదో ఎండు మిరపకాయల సంచి, మూతి కట్టి, ఇంకా అట్లాగే నిలబడి ఉంది.