మిరపకాయల స్వీడన్

ఫోనులో నెట్టు రోజుకింతని కొలత వేసుకుని వాడుకున్న కాలం ఒకటుండేది. పొద్దున్నే ఆత్రం కొద్దీ ఖర్చు పెట్టేసి, మధ్యాహ్నానికల్లా తెర మీద గుండ్రంగా తిరిగే చక్రం వంక బిక్కమొహంతో చూస్తూ కూర్చునేవాళ్ళం. అప్పుడు నేను బీటెక్ రెండో ఏడు పూర్తి చేసి, విజయవాడ హాస్టల్ నుంచి వేసవి సెలవులకి రెంటచింతల పక్కనే ఉన్న మా ఊరొచ్చాను. ఎక్కువ ఎండ కాసిన చోట్లంటూ టీవీలో మా వైపు పేరు చెబితే మా నాన్న మీసం సవరించుకునేవాడు (మేం గెలిచిన పోటీలు వేరే ఏమీ లేవు మరి). ఆ ఎండల్లోనే ఒకరోజు నాపరాళ్ళ గచ్చు మీద తడి తువ్వాలు పరుచుకుని పడుకుని, స్వీడన్లో ఎవరో ఒకావిడ తీసిన వీడియో చూశాను. పెద్ద చెరువు, ఒడ్డున ఎర్ర రంగేసిన చెక్క ఇల్లు, ఎండాకాలంలో కూడా చలికోటు భుజాన వేసుకు తిరిగే మనుషులు. ఆ క్షణమే ఆ దేశానికి మనసిచ్చేశాను. అప్పటికి నేను దాటిన సరిహద్దల్లా నాగార్జునసాగర్ వంతెన ఒక్కటే.

ఆ గదిలోనే మంచం మీద మా అత్త ఉండేది. అత్తంటే మా నాన్నకి అక్క. పిల్లల్లేరు. మామయ్య పోయాక తన మిరప చేను తనే చేయించుకుంది. ఆమె గొంతు వినపడితే గట్టు మీద కూర్చున్న కూలీలు చటుక్కున లేచి పనిలో పడేవాళ్ళు, అందుకని ఊరంతా కలెక్టరమ్మ అనేది. ఆ ఏడు ఆమెకి రెండు కిడ్నీలూ చెడిపోతే నాన్న మా ఇంటికి తెచ్చేశాడు. వారానికి రెండుసార్లు నరసరావుపేట తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. అది సరే. అసలు కష్టం నీళ్ళతో వచ్చింది. మజ్జిగా కాఫీ అన్నీ కలిపి రోజు మొత్తానికి ఒక్క చిన్న సీసాడు మించకూడదన్నారు డాక్టరు. రోహిణి కార్తె, పల్నాడు, ఒక చిన్న సీసా! మేమందరం దొడ్లోకి పోయి, గుటకల చప్పుడు ఆమెకి వినపడకుండా దొంగల్లాగా నీళ్ళు తాగి వచ్చేవాళ్ళం. అత్త మాత్రం ఎవరినీ ఏమీ అనేది కాదు. "మిరుగు దాకా లాక్కొస్తే చాలమ్మా. నాలుగు చినుకులు పడితే ఇంత దప్పిక ఉండదు" అనేది. మృగశిర కార్తె దాకా అత్తని ఎలా లాక్కురావాలన్నదే మా ఇంట్లో అందరి ఆలోచనా.

"ఏమే, ఆ ఫోన్లో ఏంది అంత ఇదిగా చూస్తన్నావు?" అంది అత్త. స్వీడనని చెప్పాను. అక్కడి జనం కావాలని ఎండలో పడుకుంటారని కూడా చెప్పాను.

"కావాలనా? వాళ్ళకేం పుట్టిందే?"

"వాళ్ళకి ఎండ దొరకదత్తా. ఎండాకాలంలో మాత్రం పైన ఉత్తరం కొసన రాత్రిళ్ళు కూడా పొద్దు గూకదు."

అత్త లేచి కూర్చుంది. ఆ నెలలో తనంతట తాను లేవడం అదే మొదలు. "పొద్దు గూకదా? అయితే కళ్ళంలో కాయ ఇట్టే ఎండుద్ది! రాత్రిళ్ళు పట్టాలు కప్పే పని లేదు, కాపలా బాధ లేదు. అంత మంచి దేశం పెట్టుకుని మిరప ఎయ్యరంటే ఎంత బద్ధకస్తులే వాళ్ళు!"

"అక్కడ చల్లగా ఉంటదత్తా, కాయ ఎండదు."

"నువ్వు చదివేది కంప్యూటరు. కాయ సంగతి నాకు చెప్పమాక" అనేసింది. సాయంత్రానికల్లా అక్కడ ఎకరం కౌలుకి తీసుకోవడం కూడా ఖాయం చేసేసింది. ఊరి రాజకీయాలు తప్ప వేరే లోకం తెలియని నాన్న, "వార్డులెన్నంట అక్కడ?" అని అడిగాడు.

ఇక అక్కణ్ణుంచి మధ్యాహ్నాలన్నీ స్వీడన్లోనే. నేను వీడియోలు చూసి చెబుతుంటే అత్త కళ్ళు మూసుకుని వినేది. ఒకరోజు ఇద్దరం చెరువులో మోకాళ్ళ లోతు దిగాం. "నీళ్ళు ఎట్టా ఉండయ్యే?" అంది. చల్లగా ఉన్నాయన్నాను. "తాగే నీళ్ళేనా?" తాగే నీళ్ళేనన్నాను. "ఎవరన్నా కొలిచి పోస్తారా?"

"లేదత్తా. చెరువు మొత్తం మనదే."

"అయితే ఉండు, ఇంకో గుక్క తాగనీ" అని ఎండిన గొంతుతోనే గుటక వేసింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సరిగ్గా అప్పుడే నెట్టు అయిపోయి చక్రం తిరగడం మొదలైంది. నేను చెప్పడం ఆపేసరికి అత్త ఒక కన్ను తెరిచి, "నట్టేట్లో దించేసి పోయిందే దిక్కుమాలిన ఫోను!" అంది. ఏడవబోయినదాన్ని నవ్వేశాను.

నరసరావుపేట నుంచి తిరిగొచ్చే దారిలో మా మిరపకాయలు దాచిన కోల్డ్ స్టోరేజీ ఉండేది. మా రైతులు దాన్ని ఏసీ అంటారు. కాయలకి ఏసీ, మనుషులకి తాటాకు విసనకర్ర, అదీ మా వైపు పద్ధతి. ఒకరోజు నాన్న ఏదో తగువు తీర్చడానికి పోతే, బాడుగ కార్లో అత్తని నేను తీసుకెళ్ళాను. వచ్చేటప్పుడు, "బండి ఏసీ కాడ ఆపించు, మన కాయ చూసి పోదాం" అంది. గుమస్తా అడ్డం పడ్డాడు. "లోపల చానా చలి పిన్నమ్మా, నీకసలే ఒంట్లో బాలేదు."

"నెలల తరబడి నా కాయ ఉంటంది లోపల. నేను కాసేపు ఉండకూడదా?" అని కలెక్టరమ్మ గొంతు తీసింది. గుమస్తా తలుపు తీశాడు.

లోపల చీకటి, పైదాకా బస్తాలు, ఒంటికి తగిలితే ఝల్లుమనే చలి. అత్త సంచీలోంచి మామయ్య మంకీ క్యాపు తీసి పెట్టుకుంది (మే నెలలో మంకీ క్యాపు సంచీలో ఎందుకుందో అప్పుడు అర్థమైంది నాకు, ముందే అనుకుని బయల్దేరింది మహాతల్లి). ఒక బస్తా మీద కూర్చుని, "వచ్చామా?" అంది. వచ్చామత్తా అన్నాను. "చెరువేదే?" "ఆ బస్తాలు దాటితే చెరువే" అంటూ ఉండగానే మిరప ఘాటుకి తుమ్మాను. అత్త తుమ్మింది. గుమస్తా తుమ్మాడు. హమాలీలు కూడా అందుకున్నారు. "స్వీడనోళ్ళందరికీ పడిశం పట్టినట్టుందే!" అంది అత్త తుమ్ముల మధ్య. నవ్వీ నవ్వీ తుమ్మీ తుమ్మీ ఇద్దరి కళ్ళూ ధారలు కట్టాయి. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అంది. "ఒసే, దప్పిక లేదే. నిజంగా లేదు."

సంగతి తెలిసి నాన్న ఇంట్లో మా ఇద్దర్నీ చెడామడా తిట్టాడు. అత్త మొహాన నవ్వు చూసి మధ్యలోనే ఆపేశాడు. మిరుగు వచ్చేలోపు ఇంకోసారి పోదామనుకున్నాం. మిరుగు రాలేదు. రోహిణి చివర్లో ఒక మిట్ట మధ్యాహ్నం ఆయాసం ఎక్కువైతే కార్లో బయల్దేరదీశాం. ఆ ఏసీ గోడౌన్ కనపడకముందే, నా ఒళ్ళో తల పెట్టుకుని అత్త పోయింది. దారి పొడుగునా ఆమెకి చెరువు గురించి చెబుతూనే ఉన్నాను. ఎంతవరకు విన్నదో నాకు తెలియదు.

పెద్దకర్మ నాడు చుట్టాలు ఆమెకి ఇష్టమైనవన్నీ తెచ్చి ఫొటో ముందు పెట్టారు. గారెలు, గోంగూర, బూరెలు. అన్నీ అయ్యాక అమ్మ దొడ్లోంచి పెద్ద ఇత్తడి చెంబు అంచుదాకా నింపి, తొణక్కుండా తెచ్చి పెట్టింది. "తాగు వదినా. ఇక ఎవరం కొలవం" అంది. నాన్న బయటికి పోయి టెంటు వేసినవాళ్ళ మీద కారణం లేకుండా కేకలేశాడు.

నేనిప్పుడు మాచర్లలో ఒక స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెబుతున్నాను. నెట్టుకి కొలత లేదు, స్వీడన్ మాత్రం నేటికీ చూడలేదు. మొన్న ఎండలకి కరెంటు పోయి స్టాఫ్ రూములో ఉడికిపోతుంటే, కొత్తగా చేరిన టీచరమ్మ ఫోను నా ముందు పెట్టి, "చూడండి మేడం, స్వీడన్లో ఎండాకాలమంట, ఎంత బాగుందో!" అంది. అదే చెరువు, అదే ఎర్ర ఇల్లు. చూస్తుండగానే ముక్కులో మిరప ఘాటు గుప్పుమంది. వరసగా తుమ్ములు. కళ్ళ నిండా నీళ్ళు.

"జలుబు చేసిందా మేడం?" అంది పాపం.

"కాదమ్మా, మా అత్త" అన్నాను నవ్వుతూ. ఆ పిల్లకేం అర్థమవుతుంది. కుండలోంచి గ్లాసు నిండా నీళ్ళు ముంచుకుని, చప్పుడయ్యేలా గటగటా తాగాను.